నేల దాకా తలుపు

మా పెద్దమ్మ ఏం ఉద్యోగం చేస్తుందని ఎవరైనా అడిగితే మా అమ్మ "బిల్డింగుల ఆఫీసులో" అని ఊరుకునేది. ఇంకాస్త గుచ్చి అడిగితే "బొమ్మలు గీస్తుంది" అనేది. ఏం బొమ్మలని అడిగేదాకా వస్తే పొయ్యి మీద ఏదో మాడుతున్నట్టు వంటింట్లోకి వెళ్ళిపోయేది. మా మావయ్యకి ఆ మొహమాటమేం లేదు. ఇంట్లో నలుగురూ చేరారంటే చాలు, "ఈ చుట్టుపక్కల ఏ బడికి వెళ్ళినా సరే, బాత్రూముకి పోయేటప్పుడు ఒక్కసారి మా అక్కయ్యని తలుచుకోండి" అని మొదలుపెట్టేవాడు. అందరూ పడీ పడీ నవ్వేవాళ్ళు. పెద్దమ్మ కూడా నవ్వేది. ఆ నవ్వు చిన్నప్పుడు నాకు నిజం నవ్వులాగే కనిపించేది. ఇప్పుడు మావయ్య ఆ జోకు ఎత్తుకుంటే నేను నాలుగు తగిలిస్తాను. ఆయన నన్ను పెంకిఘటం అంటాడు. అననివ్వండి.

ఆమె గీసేది నిజంగా బడుల మరుగుదొడ్లే. ఆ ఆఫీసులో తరగతి గదులు గీసేవాళ్ళు వేరు, మెట్లూ వసారాలూ గీసేవాళ్ళు వేరు. ఆమె చేరిన కొత్తలో ఎవరూ ముట్టుకోని పని ఒకటి ఆమె బల్ల మీద పడింది. అడిగి తీసుకోలేదు, వద్దనీ అనలేదు. ఇక ఆ బల్లకి ఆ పనే ఖాయమైపోయింది. గీయడం అన్నానే గానీ అది గీయడం కూడా కాదు. నమూనా డ్రాయింగు అని ఒకటి బీరువాలో ఉంటుంది. ఎక్కడ కొత్త బడి కట్టినా దాన్ని బయటికి తీసి, మీద పల్చటి కాగితం పరిచి, కనపడిన గీత మీదే మళ్ళీ గీత లాగడం, కింద ఆ బడి పేరు మార్చడం. తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. అప్పుడు కాగితం పోయింది, పని మాత్రం అదే.

పెద్దమ్మ పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని మా బంధువుల్లో ఒక్కొక్కరి దగ్గర ఒక్కో కథ ఉంది. నేనే ఒకసారి సూటిగా అడిగేశాను. "నన్ను అడిగినవాళ్ళు నాకు నచ్చలేదు, నాకు నచ్చినాయన నన్ను అడగలేదు. ఇంతోటి దానికి కథలెందుకే?" అంది. మేముండే వీధికి రెండు సందుల అవతల ఒక చిన్న వాటాలో ఒక్కతే ఉండేది. ఒక గది, ఒక వంటిల్లు, వెనకాల బాత్రూము. కిటికీ దగ్గర బల్ల, బల్ల ముందు ఒకే కుర్చీ. రెండో కుర్చీ కావాలంటే వంటింట్లోంచి స్టూలు తెచ్చుకోవాలి.

నేను చదివిన బడి ఆ ఇంటికి దగ్గర. వాళ్ళ ఆఫీసు పొద్దున్నే తెరిచి పెందలాడే మూసేవాళ్ళు కాబట్టి, బడి వదిలే వేళకి పెద్దమ్మ ఇంట్లోనే ఉండేది. నేను రోజూ గంట కొట్టగానే పరుగు. మా ఇంటికి కాదు, ఆమె ఇంటికి. సంచీ గుమ్మంలో విసిరేసి సరాసరి బాత్రూములోకి దూరేదాన్ని. బయటికి వచ్చాక ఊపిరి పీల్చుకుని, ఆమె కాచి ఉంచిన పాలు తాగుతూ, బిస్కెట్లు నములుతూ, ఆ రోజు బళ్ళో ఎవరు ఎవర్ని గిల్లారో అంతా ఏకరువు పెట్టేదాన్ని. పెద్దమ్మ ఆ స్టూలు నాకోసం ముందే తెచ్చి వేసి ఉంచేది. ఆఫీసులో ఆడవాళ్ళతో "మా చెల్లెలి కూతురికి నేనంటే ప్రాణం. బడి వదిలితే కన్నతల్లి దగ్గరికి పోదు, నా దగ్గరికే వస్తుంది" అని చెప్పుకునేదట.

ఒకరోజు ఆ బాత్రూములో పైపు పగిలింది. మేస్త్రీ వచ్చి నేలంతా తవ్వి పెట్టాడు. నేను పరిగెత్తుకొచ్చేసరికి పెద్దమ్మ గుమ్మంలోనే నిలబడి "ఇవాళ బాత్రూము లేదే. కాళ్ళు బయటే కడుక్కుని రా, పాలు కాచాను" అంది. నేను రాలేదు. సంచీ భుజం మీంచి దించకుండానే వెనక్కి తిరిగి, మోకాళ్ళు దగ్గరికి నొక్కుకుంటూ మా ఇంటివైపు పరిగెత్తాను. ఆమె పాలగ్లాసు పట్టుకుని గుమ్మంలో అలాగే నిలబడిపోయింది.

మర్నాడు నన్ను కూర్చోబెట్టి అడిగింది. నాకప్పుడు ఎనిమిదేళ్ళుంటాయేమో, దాచుకోవడం ఎక్కడ తెలుసు? ఉన్నదున్నట్టు చెప్పేశాను. బళ్ళో బాత్రూముల తలుపుల కింద చాలా ఖాళీ ఉంటుందనీ, పెద్దపిల్లలు వంగి చూస్తారనీ, చెప్పుల్ని బట్టి ఎవరో గుర్తుపట్టి పేరు పెట్టి అరుస్తారనీ, గడియ నాకు అందదనీ, అందుకే పొద్దుట్నుంచీ మంచినీళ్ళు ముట్టుకోననీ.

"అయితే రోజూ నువ్వు పరిగెత్తుకొచ్చేది..." అని ఆగిపోయిందట పెద్దమ్మ.

"ఊఁ. ఒక్కోరోజు సందు మలుపులోనే అయిపోతుందేమోనని భయమేస్తుంది పెద్దమ్మా" అన్నానట నేను, మూతి చుట్టూ పాల మీగడతో.

ఈ సంగతి ఆమె నాకు చాలా ఏళ్ళ తర్వాత, నేను టీచరు ఉద్యోగంలో చేరాక చెప్పింది. "ఆ రోజు నాకు ఒకేసారి రెండు దెబ్బలు తగిలాయే. నువ్వొచ్చేది నాకోసం కాదని ఒకటి. ఆ తలుపు బొమ్మ గీసింది నేనేనని ఇంకొకటి" అంది. నవ్వుతూనే అంది.

మా బడికి బొమ్మ వేసింది ఆమె చెయ్యే. నేను చిన్నప్పుడు ఆ సంగతి చెప్పిన మర్నాడు ఆఫీసుకి వెళ్ళి బీరువాలోంచి ఆ నమూనా తీసి చూసుకుంది. బొమ్మలో గదుల్ని ఎప్పుడూ పైనుంచి చూసినట్టు గీస్తారు. పైనుంచి చూస్తే తలుపంటే ఒక గీత, అది తెరుచుకునే మేరకి ఒక వంపు, అంతే. దాని కింద ఎంత సందు ఉందో ఆ గీతలో కనిపించదు. వేరే కాగితంలో ఒక మూల "తలుపు అడుగున ఖాళీ వదలవలెను" అని చిన్న అక్షరాల్లో రాసి ఉంది. దాని మీద కూడా ఆమె ఎన్నోసార్లు పెన్ను నడిపింది. ఎందుకు వదలాలో ఆఫీసులో ఒక్కరికీ తెలీదు. చివరికి అందరికన్నా ముసలాయన ఒకాయన తల గోక్కుని గుర్తు తెచ్చుకున్నాడు. ఆ నమూనా మొదట బస్టాండు కోసం గీసిందట. తాగి లోపల పడిపోయినవాళ్ళు బయటికి కనపడాలని, పైపుతో నీళ్ళు కొడితే మురికి అంతా కింది నుంచి కొట్టుకుపోవాలని అలా పెట్టారట. అప్పుడెవరో తొందర్లో బళ్ళకీ అదే వాడేశారు. ఆ తర్వాత వచ్చినవాళ్ళందరూ దాని మీదే గీతలు లాగారు. బస్టాండు తాగుబోతుల కోసం కోసిన తలుపుల వెనక ఎంతమంది పిల్లలు బిక్కుబిక్కుమంటూ కూర్చున్నారో తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

పెద్దమ్మ అప్పటి పై ఆఫీసరుకి చెప్పి చూసింది. "చిన్నపిల్లలకి అంత సిగ్గేమిటమ్మా?" అని ఆయన నవ్వేశాడు. తర్వాతాయన "నమూనా మార్చాలంటే ఎంత తతంగమో తెలుసా?" అన్నాడు. ఆ తర్వాతాయన అసలు వినలేదు. ఆమెది కుర్చీ ఎక్కి కేకలేసే స్వభావం కాదు. సాయంత్రాలు ఇంట్లో కిటికీ దగ్గర కూర్చుని, పనికిరాని డ్రాయింగుల వెనక తనకి తోచినట్టు గీసుకునేది. నేను కనపడితే గోడ పక్కన నిలబెట్టి, చెయ్యి పైకెత్తమని, వేలు ఎక్కడికి అందుతుందో పెన్సిలుతో గుర్తు పెట్టుకునేది. ఆ గుర్తుల్లో నేను పెరిగాను. మిగతా వేళల్లో ఆ ఇంట్లో మనిషి గొంతు వినిపించేది కాదు. ఒకసారి నేను చెప్పకుండా వెళ్ళేసరికి, కాగితం మీది బొమ్మతో "ఇక్కడ కొంచెం చీకటిగా ఉంటుందేమో కదూ?" అంటోంది. నన్ను చూసి సిగ్గుపడి, స్టూలు తేవడానికి వంటింట్లోకి వెళ్ళింది.

ఆమె ఉద్యోగం ఇంకొంచెంలో ముగుస్తుందనగా ఆఫీసుకి కొత్త ఇంజనీరు వచ్చాడు. వయసులో ఆమె కంటే చాలా చిన్నవాడు. ఆమె బొమ్మలు తిరగేసి, ఒక బడిలో కట్టించి చూద్దామన్నాడు. పిల్లలకీ బడికీ బాగుందంటే ఇకమీద కట్టే ప్రతి బడికీ అదే నమూనా. బాగాలేదంటే పాతదే ఉంటుంది. ఆయన మాట అంత సూటిగా ఉండేది. ఏ బడి అంటే పెద్దమ్మ మా బడి పేరు చెప్పింది. నేను పనిచేస్తున్న బడి, వాళ్ళ ఆఫీసుకి నడిచిపోయేంత దూరం. ఆ బొమ్మ ఇక్కడ నిలబడకపోతే, ఆమె రిటైరయ్యాక దాన్ని ఎత్తి చూసేవాళ్ళు ఎవరూ ఉండరని ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు.

కట్టారు. పాత వరసలో గదులన్నీ గోడ చాటున చీకటి సందులో ఉండేవి. కొత్తవి వసారాలోకే తెరుచుకున్నాయి, ఎవరు వస్తున్నారో ఎవరు వెళ్తున్నారో టీచర్లకి కనపడేటట్టు. చేతులు కడుక్కునే కుళాయిలు బయట వెలుతురులో. ప్రతి గదికీ గుమ్మం పైనుంచి నేల దాకా తలుపు. గడియ చిన్నపిల్లలకి అందే ఎత్తులో. అవసరమైతే బయట నుంచి నాణెంతో తిప్పి తీయొచ్చు. లోపల ఒక చిన్న కుళాయి, మూత ఉన్న బుట్ట, సంచీ తగిలించుకునే కొక్కెం, పుస్తకాలో నీళ్ళ సీసానో పెట్టుకోవడానికి గోడలోంచి వచ్చిన చిన్న బల్ల. తలుపుకి ఎదురుగా పైన పొడుగాటి వెంటిలేటరు, దాంట్లోంచి ఆకాశం.

కొన్ని నెలల్లో తేడా నాకే తెలిసింది. పెద్ద క్లాసుల ఆడపిల్లలు కొందరు నెలలో కొన్ని రోజులు కడుపునొప్పనీ జ్వరమనీ మానేసేవాళ్ళు. ఆ మానడం తగ్గింది. మధ్యాహ్నం క్లాసులో కాళ్ళు ఊపుకుంటూ కూర్చునేవాళ్ళు తగ్గారు. పిల్లలు నీళ్ళ సీసాలు తెచ్చుకోవడం మొదలుపెట్టారు.

అయితే మా హెడ్మాస్టరమ్మకి, మేమంతా పెద్దమేడమ్ అనేవాళ్ళం, ఆ తలుపులు నచ్చలేదు. ఆవిడ మీద నాకు అప్పుడు ఎంత కోపమున్నా, ఆవిడ భయం ఉత్తుత్తి భయం కాదు. వెనక ఆవిడ పనిచేసిన బళ్ళో ఒక పిల్ల బాత్రూములో మూర్ఛపోయి పడి ఉంటే చాలాసేపటి దాకా ఎవరికీ తెలియలేదట. ఆవిడే తలుపు పగలగొట్టించి, పిల్లని చేతుల్లో ఎత్తుకుని పరిగెత్తిందట. "నాణెం పెట్టి తియ్యొచ్చు, సరే. లోపల పడిపోయిందని ఎవరికి తెలుస్తుంది? కాళ్ళు కనపడాలి. పైగా మధ్యాహ్నం భోజనాల వేళ ఆ చివరి గది తలుపు వేశారంటే తియ్యడం లేదు. లోపల ఎవరో కూర్చుంటున్నారు. తలుపులు కింద కోయించండి" అని ఇంజనీరుకి కబురు పెట్టింది. ఆయన వచ్చేవారం వచ్చి చూసి తేలుస్తానన్నాడు.

పెద్దమ్మ సెలవు పెట్టి మా బడికి వచ్చింది. మధ్యాహ్నం గంట కొట్టాక ఇద్దరం వసారాలో స్తంభం పక్కన నిలబడ్డాం. మిగతా గదుల ముందు పిల్లల వరసలు, తోపులాటలు, కుళాయిల దగ్గర నీళ్ళు చల్లుకోవడాలు. చివరి గది మాత్రం అందరికీ దూరంగా, గోడ మలుపులో ఉంది. తలుపు మూసే ఉంది. వరసలు అయిపోయాయి, పిల్లలు ఆటలకి పోయారు, అది తెరుచుకోలేదు. నాకు తిక్కరేగింది. పెద్దమ్మ ఇన్నేళ్ళ కష్టాన్ని ఎవరో అల్లరిపిల్ల మట్టిలో కలిపేస్తోందనుకున్నాను. తలుపు దబదబ బాదడానికి రెండడుగులు వేశాను. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"లోపలున్నవాళ్ళు హడలిపోతారు. ఆగు."

గంట కొట్టబోయే ముందు గడియ కదిలింది. తలుపు కాస్త తెరిచి, అటూ ఇటూ చూసి, ఒక పిల్ల బయటికి వచ్చింది. చేతిలో భోజనం డబ్బా. మమ్మల్ని చూసి డబ్బా వెనక్కి దాచుకుంది. నా క్లాసు పిల్లే. ఆ ఏడు ఎక్కడి నుంచో వచ్చి చేరింది. సగం ఏడాది గడిచిపోయినా క్లాసులో అందరూ ఇంకా "కొత్తపిల్ల" అనే పిలిచేవాళ్ళు. ఎప్పుడడిగినా "తినేశాను టీచర్" అని చెప్పేది. ఎక్కడ తింటున్నావని నేను ఎప్పుడూ అడగలేదు.

పెద్దమ్మ మాత్రం ఏమీ చూడనట్టే అడిగింది. "ఈ గది గీసింది నేనేనమ్మా. లోపల వెలుతురు సరిపోతోందా?"

"సరిపోతుందండీ" అంది ఆ పిల్ల నేల చూపులు చూస్తూ.

"వాసన?"

"రాదండీ. పొద్దున్నే కడుగుతారు కదా."

"ఆ చిన్న బల్ల ఎత్తు బాగుందా?"

"డబ్బా పెట్టుకోవడానికి సరిగ్గా..." అని నాలిక కరుచుకుంది.

పెద్దమ్మ వంగి నెమ్మదిగా అంది. "బయట కూర్చోవచ్చుగా తల్లీ?"

"ఎవరి పక్కన కూర్చున్నా 'ఇక్కడ మావాళ్ళు వస్తారు' అంటారండీ. ఒక్కదాన్నే కూర్చుంటే అందరూ చూస్తారు. ఇక్కడైతే ఎవరూ చూడరు." అంతలో గంట కొట్టారు. డబ్బా గుండెకి హత్తుకుని పరిగెత్తింది.

సాయంత్రం ఇద్దరం ఆమె ఇంటిదాకా నడిచాం. పెద్దమ్మ ఇంట్లోకి వెళ్ళి దీపం కూడా వెయ్యకుండా కుర్చీలో కూలబడింది.

"ఇన్నేళ్ళలో నేను గీసినవాటిల్లో మనిషికి నచ్చిన గది ఇదొక్కటే. ఆ గదిలో ఒక పిల్ల ఒంటరిగా భోంచేస్తోంది" అంది. కాసేపయ్యాక, "నేనూ అంతేనే. ఆఫీసులో డ్రాయింగుల బీరువా వెనక కూర్చుని తింటాను. అందరూ జట్లు జట్లుగా కూర్చుంటారు. మొదట్లో ఎవరైనా పిలుస్తారేమోనని చూశాను. తర్వాత పిలిచినా వెళ్ళడం చేతకాలేదు. నా సంగతి సరే. ఆ పిల్లకి పన్నెండేళ్ళు కూడా లేవు."

నాకు ఏడుపొచ్చింది, ఏడుపుతో పాటు భయమూ వేసింది. "ఈ సంగతి ఇంజనీరు ముందు చెప్పకు పెద్దమ్మా. చెప్పావంటే తలుపులు కోసేస్తారు, నీ బొమ్మ గంగలో కలుస్తుంది. నేను ఆ పిల్లని క్లాసులో ఎవరి పక్కనో కూర్చోబెడతాను."

"కూర్చోబెట్టగలవు. వాళ్ళని మాట్లాడించగలవా?"



ఇంజనీరు వచ్చిన రోజు పెద్దమేడమ్ గదిలో నలుగురం కూర్చున్నాం. పెద్దమేడమ్ చెప్పాల్సింది చెప్పింది. ఇంజనీరు అంతా విని పెద్దమ్మ వైపు తిరిగాడు. "మీరు వచ్చి చూశారటగా. నిజంగా ఎవరైనా లోపల కూర్చుంటున్నారా, లేక ఊరికే అనుమానమా?"

నేను పెద్దమ్మ మొహం వంక చూశాను. లేదని ఒక్క మాట అంటే చాలు. ఆమె "కూర్చుంటున్నారండీ. ఒక పిల్ల" అంది.

"ఏం చేస్తోంది?"

"భోజనం."

పెద్దమేడమ్ మొహం కందిపోయింది. "టాయిలెట్లోనా? ఎవరా పిల్ల?"

"అది నన్నడగొద్దు మేడమ్. పిలిచి అడిగారంటే రేపట్నుంచి తిండే మానేస్తుంది. తలుపు కోయించినా అంతే. మీ భయం నాకు తెలుసు. మధ్యాహ్నం వేళ బడి ఆయమ్మ ఒకసారి వరసగా తలుపులు తట్టి, పలకని చోట నాణెంతో తీసి చూస్తే పోతుంది. కానీ తలుపు కోసేస్తే మిగతా పిల్లలందరి గతీ మళ్ళీ మొదటికే."

ఇంజనీరు పెన్ను బల్ల మీద తిప్పుతూ ఆలోచించాడు. పెద్దమేడమ్ని ఒకటి రెండు అడిగాడు, పిల్లల హాజరు గురించి నన్ను ఒకటి అడిగాడు. చివరికి తేల్చేశాడు. తలుపులు నేల దాకానే ఉంటాయి. ఆయమ్మ తట్టి చూడాలి. ఇక చివరి గదికి మాత్రం భోజనాల వేళ తాళం వెయ్యాలి. బడిలో ఏ పిల్లా టాయిలెట్లో కూర్చుని తినడానికి వీల్లేదు. పెద్దమేడమ్ సరేనంది. ఆ మాటలో తప్పు పట్టడానికి నాకూ ఏం దొరకలేదు. "మీ బొమ్మ నెగ్గిందండీ. ఇకమీద ఇదే నమూనా" అని ఆయన లేచి పెద్దమ్మకి నమస్కారం పెట్టాడు.

ఆమె కూడా లేచి నమస్కారం పెట్టింది. వసారాలోకి వచ్చాక నేను ఆనందం పట్టలేక ఆమెని వాటేసుకున్నాను. ఆమె నా భుజం తట్టి, "ఆ పిల్ల రేపు ఎక్కడ తింటుందే?" అంది.

మర్నాడు మధ్యాహ్నం పెద్దమ్మ ఆఫీసు నుంచి తన డబ్బా పట్టుకుని వచ్చేసింది. చివరి గది ముందు, మలుపులో, ఒక మెట్టు ఉంది. దాని మీద కూర్చుంది. కొత్తపిల్ల వచ్చి తాళం చూసి నిలబడిపోయింది. నేను వసారా ఇవతలి నుంచి చూస్తున్నాను.

"మీరే చెప్పారా?" అంది ఆ పిల్ల.

"నేనే చెప్పాను. అడిగితే లేదనలేకపోయాను. నిన్ను లోపలే ఉండనివ్వడానికీ మనసొప్పలేదు" అంది పెద్దమ్మ.

పిల్ల పోవడానికి మరో చోటు లేక ఆ మెట్టు మీదే, ఆ చివరన, వీపు తిప్పి కూర్చుంది. ఇద్దరూ మాట్లాడుకోకుండా తిన్నారు. మరుసటి రోజూ అంతే. ఆ మరుసటి రోజూ అంతే. ఆఫీసులో ఏం చెప్పి వచ్చేదో తెలీదు గానీ, పెద్దమ్మ ఒక్క పూట మానలేదు. వారం తిరిగేసరికి వీపు కాస్త ఇటు తిరిగింది.

ఒకరోజు ఆ పిల్ల తనంతట తానే అడిగింది. "బామ్మగారూ, గది గీయడమంటే ఎలా గీస్తారు?"

"బామ్మనా? ఇంకా రిటైరే కాలేదు, అప్పుడే బామ్మని చేసేశావా?" అంది పెద్దమ్మ. పిల్ల మొదటిసారి నవ్వింది. పెద్దమ్మ సంచీలోంచి పాత డ్రాయింగు కాగితం తీసి, వెనకవైపు పెన్సిలుతో మా బడిని పైనుంచి చూసినట్టు గీయడం మొదలుపెట్టింది. ఇది వసారా, ఇది మెట్టు, ఈ వంపు తలుపు తెరుచుకునే మేర. తర్వాత పెన్సిలు ఆ పిల్ల చేతికిచ్చింది. ఆ చేతికి గీత బాగానే వచ్చింది. రోజుకో గది చొప్పున బడి పెరగసాగింది. తిండి అయిపోయాక ఇద్దరూ కాగితం మీదికి వంగి కూర్చుంటే నాకు ఇవతలికి వాళ్ళ తలలు మాత్రం కనిపించేవి. పెద్దమ్మ అంతలా కబుర్లు చెప్పడం నేను చిన్నప్పుడు తప్ప మళ్ళీ వినలేదు. ఇంట్లో సాయంత్రాలు కూడా "రేపు దానికి సైన్సు గది చూపించాలి" అని, ఒక కొత్త రబ్బరు కొని ఉంచడం, పెన్సిళ్ళు చెక్కి పెట్టడం. ఆ మొహంలో వెలుగు చూసి నేను సంతోషించాను. కొంచెం దిగులూ పడ్డాను.

కుళాయిల దగ్గరికి వచ్చిన పిల్లలు ఆ కాగితం చూడకుండా ఉంటారా? మొదట ఒకతి వంగి చూసింది. "అదేంటి?" అంది. "మన బడి. పైన పిట్టకి ఇలా కనపడుతుంది" అంది కొత్తపిల్ల. "మా క్లాసేది?" "ఇదిగో." "మరి జామచెట్టేది?" జామచెట్టు లేదు. మర్నాడు ఇంకో ఇద్దరు వచ్చారు. చెట్టు ఎక్కడ పెట్టాలో అడుగులేసి కొలవాలన్నారు. కొలవడానికి కొత్తపిల్లని లాక్కుపోయారు. వెళ్తూ వెళ్తూ ఆ పిల్ల వెనక్కి తిరిగి చూసింది. పెద్దమ్మ "వెళ్ళు, వెళ్ళు" అని చెయ్యి ఊపింది.

ఆ తర్వాత ఒకరోజు నా పుస్తకాలు దిద్దడం అయ్యేసరికి ఆలస్యమై, నేను వసారాలోకి వచ్చేటప్పటికి పెద్దమ్మ ఒక్కతే మెట్టు మీద కూర్చుని ఉంది. డబ్బా ఒళ్ళో ఉంది, మూత తియ్యలేదు.

"ఆ పిల్ల ఇవాళ బడికి రాలేదా?" అని అడిగింది.

"వచ్చింది పెద్దమ్మా." నేను మైదానం వైపు చూపించాను. అవతల గోడ నీడలో నలుగురు ఆడపిల్లలు కాగితం మధ్యలో పరుచుకుని, డబ్బాలు తెరుచుకుని కూర్చున్నారు. కొత్తపిల్ల ఏదో చెప్తోంది, మిగతా ముగ్గురూ కడుపు పట్టుకుని నవ్వుతున్నారు.

నాకు ఉక్రోషం వచ్చింది. "ఇన్నాళ్ళూ నువ్వు వచ్చి కూర్చుంటే, ఒక్క మాట చెప్పి వెళ్ళొద్దూ? ఉండు, పిలుస్తాను."

"నోర్ముయ్. పిలిచావంటే చూడు" అంది పెద్దమ్మ. కళ్ళనిండా నీళ్ళు, అయినా నవ్వుతోంది. "దీనికోసమేగా నేనిక్కడ కూర్చున్నది."

"అయితే నాతో తిను. నేనూ తినలేదు."

"నీకిప్పుడు క్లాసుంది." అన్నట్టే గంట కొట్టారు. ఆమె డబ్బా సంచీలో పెట్టుకుని, మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. "రేపట్నుంచి రాలేనేమోనే. ఆఫీసులో పని పేరుకుపోయింది" అంది. ఆఫీసులో ఆమెకి పనేం లేదు. నమూనా ఒప్పుకున్నాక మిగతా గీతలన్నీ కంప్యూటరే లాగేస్తోంది, ఆ సంగతి నాకు ఆమే చెప్పింది.

పిల్లలు క్లాసులకి పరిగెడుతున్నారు. ఆ నలుగురూ కాగితం చుట్టుకుని ఆమె పక్కనుంచే వెళ్ళారు. జామచెట్టు పెద్దదయిందా చిన్నదయిందా అని వాదించుకుంటున్నారు. కొత్తపిల్ల అందరికంటే గట్టిగా అరుస్తోంది. పెద్దమ్మ వాళ్ళకి దారిచ్చి పక్కకి తప్పుకుని నిలబడింది. ఆ పిల్ల తలెత్తి ఈమెని చూడకపోతేనే మేలని నాకు తెలుసు. అయినా ఒక్కసారి చూస్తే బాగుండునని నా ప్రాణం కొట్టుకుపోయింది. చూడలేదు. పెద్దమ్మ గేటు మెల్లగా మూసి ఆఫీసువైపు వెళ్ళిపోయింది.